సీసాలో ఎండుకొబ్బరి

మా ఇంట్లో సీసా అంటే నువ్వులనూనె సీసా, కొబ్బరినూనె సీసా, కిరసనాయిలు సీసా. ఇంకో రకం సీసా గుమ్మం దాటి లోపలికి రావడానికి వీల్లేదు. ఆ కట్టడి పెట్టింది అమ్మ. 1986లో నాన్న పోయిన పదకొండో రోజున, వచ్చిన చుట్టాలందరి ముందూ చెప్పేసింది. ‘‘ఈ గుమ్మంలోకి మందు తెచ్చినోడు నాకు కొడుకైనా ఒకటే, అల్లుడైనా ఒకటే’’ అని. అప్పటికి నాకు పద్నాలుగేళ్లు.

నాన్న పోర్టులో కలాసీ. గోపాలపట్నంలో రెండు గదుల పెంకుటిల్లు మాది. డ్యూటీ దిగి ఇంటికి రావడానికీ నాన్నకీ మధ్య ఒక సారా దుకాణం అడ్డం ఉండేది. ఆ రోజుల్లో ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో సారాని ప్యాకెట్లలో అమ్మించేది. నాన్న ప్యాకెట్‌ మూల పంటితో చింపి, ఒక్క గుక్కలో గొంతులోకి ఒంపుకుని, మొహం చిట్లించేవాడు. ఆ వెంటనే ఇంత ఉప్పు నాలిక్కి రాసుకునేవాడు. నాన్న గురించి తల్చుకుంటే ఇప్పటికీ నాకు ముందు గుర్తొచ్చేది ఆ చిట్లించిన మొహమే. అంత చేదుగా ఉన్నదాన్ని మనిషి ఎందుకు తాగుతాడో ఆ వయసులో అర్థమయ్యేది కాదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడ్డారని పేపర్లో చదివి వినిపిస్తే అమ్మ ఆ కాయితం మడిచి దేవుడి పటం వెనక పెట్టుకుంది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న, సంక్రాంతి వెళ్లీ వెళ్లగానే, మొత్తం మద్యం మీదే నిషేధం. ఆ రోజు అమ్మ సింహాచలం కొండెక్కి వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి, 1997లో, సంపూర్ణ నిషేధం ఎత్తేశారు. అమ్మ కొండెక్కడం మానలేదుగానీ, ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ని నేను. వైన్‌ గురించి ఇప్పుడు నాలుగు మాటలు రాస్తున్నానంటే దానికి కారణం మందు కాదు, వంట.

1996లో ఓడెక్కాను. మొదట మెస్‌మన్‌గా గిన్నెలు కడిగాను, తర్వాత వంటమనిషినయ్యాను. ధాన్యం, బొగ్గు, ఇనప ఖనిజం మోసే ఓడలు. కంటైనర్‌ ఓడలైతే రేవులో గంటల్లెక్కన ఉంటాయి. మావి సరుకు దిగేదాకా నాలుగైదు రోజులు కదిలేవి కావు. సాయంత్రం పని అయ్యాక ఊళ్లోకి వెళ్లి రావచ్చు. తోటివాళ్లు బార్లు వెతుక్కుంటే నేను కూరగాయల మార్కెట్లు వెతుక్కునేవాణ్ని. పదహారేళ్లుగా సారా వాసనంటే కడుపులో తిప్పే మనిషిని. బార్లోకి వెళ్లడమన్న ఆలోచనే ఉండేది కాదు.

2003లో స్పెయిన్‌లోని టరగోనా రేవులో మొక్కజొన్న దించుతున్నాం. అక్కడ ఎల్‌ సెర్రాయో అని బెస్తవాళ్ల పేట ఉంది. మన జాలరిపేటలాగే వలలు, పడవలు, చేపల వాసన. ఒక చిన్న పూటకూళ్ల హోటల్‌ ముందు నించున్నాను. లోపల ఒకాయన చేపల పులుసు కాస్తున్నాడు. బాదం, వెల్లుల్లి, ఎండుమిరప నూరి వేసే పులుసు అది. అందులో సీసాతో ఎర్రటిది ఏదో పోశాడు. పోసిన క్షణం నుంచి ఆ పులుసు వాసనే మారిపోయింది. నా ముక్కు ఊరుకోలేదు. లోపలికెళ్లి, నేనూ వంటవాణ్నేనని సైగలతో చెప్పి, ఆ సీసా చూపించి అరచెయ్యి చాపాను. మనం చారు రుచి చూడ్డానికి అరచేతిలో రెండు చుక్కలు వేసుకుంటామే, అలాగ! ఆయన పగలబడి నవ్వాడు. హోటలంతా నవ్వింది. నవ్వుతూనే నా అరచేతిలో వైన్‌ పోశాడు.

మొహం చిట్లించుకోవడానికి సిద్ధపడే నాలికతో అద్దాను. చిట్లించాల్సిన అవసరం రాలేదు. నాలికంతా ఎండిపోయినట్టు, చిగుళ్లు దగ్గరకు లాగినట్టు అయింది. ఇది నాకు తెలుసే అనుకున్నాను. నేరేడు పళ్లు దోసెడు తిన్నాక ఉండే నాలిక. జీడిమామిడి పండు కొరికినప్పటి గొంతు. వగరు!

షడ్రుచులని చిన్నప్పట్నుంచీ చదువుకుంటాం. ఉగాది పచ్చడిలో మామిడి పిందె ముక్కతో వగరునీ పండగనాడే పలకరిస్తాం. కానీ వగరుని రుచిగా లెక్కేసేవాళ్లు ప్రపంచంలో తక్కువమందే అని ఓడల్లో తిరిగాకే తెలిసింది. చాలా దేశాల వంటవాళ్లకి అది వదిలించుకోవాల్సిన దోషం. ఎర్ర వైన్‌ తాగేవాళ్లకి మాత్రం అది ప్రాణం. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్లు ఆ వగరుని ఇస్తాయి. ఎర్ర వైన్‌ చేసేటప్పుడు రసాన్ని తొక్కల నుంచి వెంటనే విడదీయరు. రెండింటినీ కలిపే పులియనిస్తారు. రంగూ, వగరూ రెండూ తొక్కలోంచే దిగుతాయి. పండులోని తీపిని ఈస్ట్‌ తినేసి ఆల్కహాల్‌గా మారుస్తుంది. మన కల్లులో జరిగేదీ ఇదే. కాకపోతే కల్లుకి ఒక పూట చాలు, దీనికి రోజులూ, వారాలూ.

ఆ హోటలాయన పోసిన వైన్‌ అక్కడికి కాస్త లోపలున్న ప్రియోరాట్‌ కొండలది. తర్వాత ఆ రేవుకి వెళ్లినప్పుడల్లా కొంచెం కొంచెం తెలుసుకున్నాను. 12వ శతాబ్దంలో అక్కడ సన్యాసులు ఒక మఠం కట్టుకుని ద్రాక్ష పెంచారు. మఠం పేరు స్కాలా దేయ్‌, అంటే దేవుడి నిచ్చెన. నేల చూస్తే మట్టి తక్కువ, పలకరాయి ఎక్కువ. మనం చిన్నప్పుడు బడికి తీసుకెళ్లిన పలక ఉంది చూశారూ, అలాంటి నల్లటి రాయి చిట్లి పరుచుకున్న వాలు. తీగ వేళ్లు ఆ చీలికల్లోంచి లోలోపలికి దిగి నీటి చెమ్మ వెతుక్కోవాలి. కాపు చాలా తక్కువ. ఒక్కో ముసలి తీగకి కాసే పిడికెడు పళ్లలోనే దాని సత్తువంతా చేరుతుంది. గార్నాచా, కరిన్యేనా అని రెండు రకాల పళ్లు. గ్లాసులో పోస్తే ఇంకు పోసినట్టే ఉంటుంది. ఒక దశలో ఊళ్లు ఖాళీ అయిపోయి తోటలు ఎండిపోతుంటే 1980ల చివర్లో కొందరు కుర్రాళ్లు వచ్చి మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడు స్పెయిన్‌లో అన్నిటికన్నా పై హోదా ఉన్న వైన్‌ సీమలు రెండే. ఒకటి రియోహా, రెండోది ఈ రాళ్ల సీమ.

ఓడ మీద ఆల్కహాల్‌ పరీక్ష ఉండేది. అదీ ఒకందుకు మంచిదే అయింది. ఎక్కడికెళ్లినా రెండు గుక్కలు, మహా అయితే సగం గ్లాసు. మిగిలింది బల్ల మీదే వదిలేసి వచ్చేవాణ్ని. బార్‌ వాళ్లు వింతగా చూసేవాళ్లు.

నాకు అసలు పాఠం దొరికింది 2006లో, బిల్‌బావ్‌ రేవులో. ఉత్తరాన ఉంటుంది. వానల ఊరు. బార్ల బల్లల మీద రొట్టె ముక్కలపైన చేపో, గుడ్డో, మిరపకాయో గుచ్చి వరసగా పెట్టేస్తారు. ఏమీ తినకుండా వట్టి వైన్‌ తాగే మనిషి అక్కడ నాకు అరుదుగా కనిపించాడు. నేను వాసన చూసి, నోట్లో తిప్పి, ఆలోచిస్తూ కూచోవడం చూసిన బార్‌ యజమాని ఒక రోజు రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టాడు. రెండిట్లోనూ కొంచెం కొంచెం. ‘‘రెండూ ఒకటే ద్రాక్ష. చెప్పు చూద్దాం’’ అన్నాడు.

ఒకటే ద్రాక్షంటే నమ్మలేకపోయాను. మొదటి గ్లాసు మెత్తగా ఉంది. ఎర్ర పళ్ల పులుపు, ఆపైన వెనిలా. రెండోది నల్లగా, బిగువుగా, గొంతుకి అడ్డం పడినట్టుంది. మొదటిది రియోహా, రెండోది రిబేరా దెల్‌ దువేరో. రెండూ తెంప్రనీయో అనే పండుతోనే. స్పానిష్‌లో తెంప్రానో అంటే పెందలాడే అని. మిగతా వాటికన్నా ముందే పండుతుంది కాబట్టి ఆ పేరు. రియోహాకి ఉత్తరాన కొండలు గోడలా నిలబడి సముద్రపు చలిగాలిని ఆపుతాయి. ఎండా, చల్లదనం రెండూ మితంగా అందుతాయి. రిబేరా దువేరో నది వెంట ఉన్న ఎత్తయిన పీఠభూమి. సముద్ర మట్టానికి ఏడెనిమిది వందల మీటర్ల పైన. మన అరకు కూడా దాదాపు అంత ఎత్తే. పగలు ఎండ మాడ్చేస్తుంది, రాత్రి దుప్పటి కావాలి. ఆ ఎండకి తొక్క మందమెక్కి రంగు ముదురుతుంది, ఆ చలికి పులుపు నిలుస్తుంది.

ఇంకో తమాషా ఏమిటంటే, ఊరు మారితే ఆ పండు పేరే మారిపోతుంది. రిబేరాలో తింతో ఫీనో, లా మంచాలో సెన్సిబెల్‌, తోరోలో తింతా దె తోరో. కెటలాన్‌ వాళ్లయితే కుందేలు కన్ను అంటారు, వాళ్ల భాషలో. మనం విశాఖలో కోనాం అనే చేపని మద్రాసు వెళ్తే వంజరం అంటారే, అలాగన్నమాట. చేప ఒకటే, పులుసు ఒకటి కాదు.

మొదటి గ్లాసులో ఆ వెనిలా ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగాను. పీపాలోంచి అన్నాడు. రియోహాలో పూర్వం నుంచీ అమెరికన్‌ ఓక్‌ కర్రతో చేసిన 225 లీటర్ల పీపాల్లో వైన్‌ని నిలవ ఉంచుతారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌ తోటలు ఫిలోక్సెరా పురుగు పట్టి నాశనమైపోతే, బోర్డో వర్తకులు కొండలు దాటి ఇటు వచ్చారు. పీపాల పద్ధతి రియోహాలో స్థిరపడ్డంలో వాళ్ల చెయ్యి ఉంది. బిల్‌బావ్‌ నుంచి వచ్చే రైలు మార్గం మీద ఆరో అనే ఊరుంది. అక్కడ పేరున్న వైన్‌ గిడ్డంగులు చాలావరకు రైలు స్టేషన్ని ఆనుకునే పుట్టాయి. పీపాలు దొర్లించి నేరుగా బండెక్కించేయడానికి. స్టేషన్‌ పేట అనే దాని పేరు. సింహాచలం స్టేషన్‌ దగ్గర గూడ్సు బళ్ల చప్పుడు వింటూ పెరిగినవాణ్ని, ఆ పేట గురించి విన్నప్పుడు నాకు ఎక్కడలేని బంధుత్వం కనిపించింది.

పీపాలో, సీసాలో ఎన్నాళ్లు ఉందన్నదాన్ని బట్టి పేర్లున్నాయి. రెండేళ్లు ఆగి, అందులో కనీసం ఒక ఏడాది పీపాలో ఉంటే క్రియాన్సా. మూడేళ్లయితే రెసెర్వా. అయిదేళ్లయితే గ్రాన్‌ రెసెర్వా. ఇవి రియోహా లెక్కలు. సీసా వెనక ముద్రలో రాసి ఉంటుంది. నన్నడిగితే గ్రాన్‌ రెసెర్వా అంటే ఎగబడేది డబ్బున్న టూరిస్టులు. నాకు క్రియాన్సా చాలు. పండు ఇంకా బతికే ఉంటుంది అందులో.

అదే బిల్‌బావ్‌లో ఇంకొకటి చూశాను. మర్నాడు సాయంత్రం అదే వీధిలో ఒక పెద్దాయన బెంచీ పక్కన కింద పడి ఉన్నాడు. చొక్కా మీద ఎర్రటి మరక. ఒక అమ్మాయి, పదహారేళ్లుంటాయేమో, చంకల్లో చేతులేసి లేపడానికి చూస్తోంది. జనం తప్పుకుని పోతున్నారు. ఆ పిల్లకి అది కొత్త కాదని ఆ లేపే పద్ధతిలోనే తెలుస్తోంది. నడుముకి ఎక్కడ పట్టు దొరుకుతుందో దానికి తెలుసు. నాకూ తెలుసు, ఆ వయసులో ఆ పని నేనూ చేశాను. ఇద్దరం కలిసి ఆయన్ని బెంచీ మీద కూచోబెట్టాం. ఆ పిల్ల థాంక్స్‌ చెప్పలేదు, నా వైపు చూడను కూడా చూడలేదు. ఆ ప్రయాణంలో మళ్లీ గ్లాసు ముట్టలేదు. రాళ్ల నేల, కొండగాలి, ఓక్‌ పీపా అని ఎన్ని చెప్పుకున్నా సీసాలో ఉన్నది నూటికి పదమూడు, పద్నాలుగు వంతుల ఆల్కహాల్‌. మన కల్లుకి రెండు రెట్ల పైమాటే. అది మరిచిపోయి మాట్లాడేవాళ్లంటే నాకు నమ్మకం లేదు.

అన్నట్టు, స్పెయిన్‌ అంతా ఎర్ర వైనే అనుకోకండి. హిహోన్‌ రేవుకి బొగ్గుతో వెళ్లినప్పుడు అక్కడ అందరూ ఆపిల్‌ రసం పులియబెట్టిన సిద్రా తాగుతున్నారు. సీసా తలపైకెత్తి, గ్లాసు మోకాలి దగ్గర పట్టుకుని ధార పోస్తారు. మన టీ కొట్టు కుర్రాళ్లు చూస్తే ఉద్యోగం అడుగుతారు!

2009లో దక్షిణాన కార్తహేనా. అక్కణ్నుంచి లోపలికెళ్తే హుమీయా. వాన చుక్క కోసం మొహం వాచిన సున్నపు నేల. మోనాస్ట్రెల్‌ అనే పండు, మందపాటి తొక్క. దీన్ని నోట్లో పెట్టుకోగానే అనకాపల్లి గుర్తొచ్చింది. బెల్లం పాకం కాస్త మాడితే వచ్చే ఆ ముదురు వాసన ఉంది చూశారూ, దాంట్లో ఎండు ఖర్జూరం నలిపినట్టు. ఉత్తరాది బిల్‌బావ్‌ బార్‌ యజమానికి ఇస్తే మోటుగా ఉందంటాడేమో. నాకు నచ్చింది. ఎండలో పుట్టిన నాలిక కదా.

ఇవన్నీ ఎవరితో చెప్పుకోను? ఓడ మీద చెబితే ‘ఎక్కిందా లేదా’ అనేవాళ్లు. ఇంటికొస్తే నోరెత్తడానికే లేదు.

2011లో సెలవుకి వస్తూ ఒక తప్పు చేశాను. ఒక సీసా కొన్నాను. రియోహా రెసెర్వా. విమానాశ్రయంలో రెండు లీటర్ల దాకా సుంకం లేదు, అది భయం కాదు. భయమంతా గోపాలపట్నంలోనే. ముందు తీరంలో ఉన్న స్నేహితుడి ఇంట్లో పెడదామనుకుని, మరిచి పెట్టె నేరుగా ఇంటికే తెచ్చేశాను. మా ఆవిడ బట్టలు తీస్తూ దాన్ని పట్టుకుని నిలబడిపోయింది. ‘‘అత్తయ్య చూస్తే ఇంకేమైనా ఉందా అండీ!’’ అనేలోపే అత్తయ్య చూసేసింది.

అమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. వచ్చి మంచం పట్టి మీద కూచుంది. ‘‘నువ్వూనేట్రా’’ అంది, అంతే.

అప్పుడు మొత్తం చెప్పాను. అరచేతిలో పోసిన వైన్‌ దగ్గర్నుంచి, బెంచీ దగ్గరి పిల్ల దాకా. పాతికేళ్లలో నాన్న గురించి మేమిద్దరం మాట్లాడుకున్నది అదే మొదటిసారి. అమ్మ అంతా విని, కాసేపాగి, ‘‘తియ్యి సూద్దాం’’ అంది. నాకు అర్థం కాలేదు. ‘‘మూత తియ్యిరా’’ అంది మళ్లీ.

బిరడా తీసి చేతికిచ్చాను. అమ్మ సీసా ముట్టుకోలేదు. బిరడా ఒక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. ‘‘ఎండుకొబ్బరి ఎందుకేసినారు ఇందులో?’’ అంది.

నాకు ఒళ్లు జలదరించింది. అమెరికన్‌ ఓక్‌ పీపాలోంచి వైన్‌లోకి దిగేది వెనిలా ఒక్కటే కాదు, కొబ్బరి వాసన కూడా. అది నేర్చుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది. అప్పటికి కూడా ఒకరు చెబితేనే తెలిసింది. డెబ్బై ఏళ్ల అమ్మకి ఒక్క బిరడాతో తెలిసింది. ‘‘కుండలో కాదా పెట్టేది? కర్రలోనా?’’ అని అడిగింది. లా మంచాలో పూర్వం మనిషెత్తు మట్టి బానల్లో పులియబెట్టేవాళ్లని చెబితే, ‘‘అదీ’’ అంది, అదే సరైన పద్ధతన్నట్టు.

అప్పుడు తెలిసింది. అమ్మ పుట్టింది పద్మనాభం దగ్గరి పల్లెలో. చుట్టూ తాళ్లు, ఈతచెట్లు. వాళ్ల తాతకి తెల్లవారుజామున కల్లు తెచ్చే పని చిన్నప్పుడు అమ్మదే. దారిలో వాసన చూసి అది ఈతకల్లో తాటికల్లో చెప్పేసేదట. పోతుతాడుదో పండుతాడుదో చెప్పేదట. ఏ చెట్టుదో కూడా ఒక్కోసారి. ఎండెక్కక ముందు దించిందో తర్వాత దించిందో సరేసరి. ‘‘తాత ఒక దొన్నె తాగి పనికెల్లిపోయేవోడు. పులుపెక్కితే పారబోసేవోడు’’ అంది. తర్వాత గోడకేసి చూస్తూ, ‘‘మీ నాన్న ఏనాడూ రుసి సూడలేదురా. మింగీసినాడు’’ అంది.

ఆ సీసాలోది ఎవరూ తాగలేదు. మా ఆవిడ మేకమాంసం కూరలో గరిటెడు పోస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. వాసన చూడ్డం వేరు, కడుపులోకి పోవడం వేరట. పెరట్లో జామచెట్టు మొదట్లో పోసేశాను. అయిదువేల మైళ్లు దాటి వచ్చిన రెసెర్వా!

తర్వాత సెలవుకి వచ్చినప్పుడల్లా అమ్మ అడిగేది, ‘‘ఆ మాడిన బెల్లం ఊరుది తెచ్చినావా?’’ అని. సీసా తేలేదు గానీ, బిరడాలు తెచ్చేవాణ్ని. కాయితంలో చుట్టి, పైన ఊరి పేరు రాసి. చాలావరకు వాసన పోయి ఉండేవి. అయినా వాటిని అమ్మ పోపుల డబ్బాలో ఒక గిన్నెలో దాచుకుంది.

2014 జనవరిలో వాళ్ల ఊరు చూస్తానంటే కారులో తీసుకెళ్లాను. పొగమంచు ఇంకా విడలేదు. ఒకతను మోకు భుజానేసుకుని, ఈతకల్లు కుండతో ఎదురొచ్చాడు. అమ్మని చూసి, ఏ ఇంటి మనిషో వాకబు చేసి, మర్యాదకి ఆకు దొన్నెలో పోసి ఇచ్చాడు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ దొన్నె అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత జాగ్రత్తగా తిరిగి అతని చేతికిచ్చేస్తూ, ‘‘నిన్న కుండ కడగలేదు నువ్వు’’ అంది.

అతను తల గోక్కున్నాడు. ‘‘నిజమే మామ్మా. పండగ కదా... కడగలేదు’’ అన్నాడు.